నాలుగు చక్రాలూ తిరగాలి, ఏడుగురూ కూర్చోవాలి

కడప జిల్లాలో ఏడాదికి పడే వాన 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కర్నూలులో 670, అనంతపురంలో 550. కేరళకు పడేదాంట్లో పావు వంతు. ఇంత మెట్ట నేల మీద ఫోర్ బై ఫోర్ బండితో పనేమిటని బయటివాళ్ళు అడిగితే తప్పుపట్టలేం. కానీ మైదుకూరు, దువ్వూరు, చాపాడు వైపు కేసీ కెనాల్ గట్టు దిగి పసుపు చేలల్లోకి పోయే బాట మీద, ఒక పెద్ద వాన పడిన మర్నాడు బండి నడిపినవాళ్ళెవరూ ఆ మాట అడగరు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది. టైరు గాట్లలో నిండుకుని కొత్త టైరును కూడా అరిగిన టైరు చేసి పెడుతుంది. వెనక చక్రాలు రెండే లాగే బండి అక్కడ ఉన్నచోటే తిరిగి తిరిగి ఇరుసు దాకా దిగబడుతుంది. పెన్నా ఇసుకలోనూ అంతే, పాపఘ్నిలో కలిసే వంకల్లోనూ అంతే.

అయితే ఏడాదిలో ఇలాంటి రోజులెన్ని? మనసు పెద్దది చేసుకుని 25 అనుకుందాం. మిగిలిన 340 రోజులూ ఆ బండి చేసే పని వేరు: పిల్లల్ని ప్రొద్దుటూరు కాలేజీలో దింపడం, పెద్దవాళ్ళను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోవడం, పెళ్ళికి ఏడుగురు ఎక్కడం, తోట నుంచి నాలుగు క్రేట్ల చీనీ కాయలు తేవడం. పాత ఫోర్ బై ఫోర్ కొనేవాళ్ళలో చాలామంది ఆ 25 రోజుల్ని తలుచుకుని బండి ఎంచుకుని, 340 రోజులు ఇరుకున కూర్చుంటారు. నా లెక్క దీనికి తలకిందులు. ముందు చోటు చూడాలి, తర్వాత ఆ బండికి మన ఊళ్ళో చేసే మెకానిక్ ఉన్నాడా అని చూడాలి, ఆ తర్వాతే ముందు చక్రాల సంగతి.

ఇంకో మాట. ఏడాదికి రెండుసార్లు మాత్రమే దిగబడే బండికి ఫోర్ బై ఫోర్ అక్కర్లేదు. పక్క చేనాయన ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగించుకుంటే ఐదు నిమిషాల పని. కడప నుంచి తిరుపతికో బెంగళూరుకో తారు రోడ్డు మీద తిరిగే కుటుంబానికి ఇన్నోవా చాలు, ఎర్టిగా కూడా చాలు. ఈ కథనం వాళ్ళకు కాదు. తోట బాటలో, నాపరాయి గనుల్లో, లంకమల, నల్లమల అంచు పల్లెల్లో వారానికోసారైనా చక్రం మట్టిలో పెట్టేవాళ్ళకు.

సైన్యం కూడా ఇదే లెక్క వేసుకుంది

చిన్న ఫోర్ బై ఫోర్ నుంచి పెద్దదానికి మారాలన్న ఆలోచన మనకే కాదు, భారత సైన్యానికీ వచ్చింది. దశాబ్దాల పాటు వాళ్ళ బండి మారుతి జిప్సీ. 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిను, గుడ్డ టాపు, 500 కిలోల బరువు మోసే తరగతి. తేలిక బండి కాబట్టి ఎక్కడికైనా ఎక్కేది. కానీ చోటు లేదు, ఏసీ లేదు. కొత్తగా వాళ్ళు పెట్టిన షరతులు మూడు: కనీసం 800 కిలోలు మోయాలి, గట్టి టాపు ఉండాలి, ఏసీ ఉండాలి. పోటీలో స్కార్పియో నిలిచింది, సఫారీ స్టార్మ్ నిలిచింది. ఆర్డరు స్టార్మ్‌కు దక్కింది. 2017లో కుదిరిన ఒప్పందంలో బండ్ల సంఖ్య 3,192. మనం సంతలో వెతుకుతున్నది కూడా కొంచెం అటూ ఇటూగా ఆ షరతులకు సరిపోయే బండినే.

కొలతలు చూద్దాం. థార్ పొడవు 3,985 మిల్లీమీటర్లు, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2,450. సీట్లు నాలుగు. జిమ్నీ పొడవు కూడా సరిగ్గా 3,985. వెనక సీటు నిలబెట్టి ఉంచితే డిక్కీ 208 లీటర్లు. రెండు సూట్‌కేసులు పెడితే అయిపోయింది. పాత స్కార్పియో వీల్‌బేస్ 2,680, సఫారీ స్టార్మ్ 2,650, స్కార్పియో-ఎన్ 2,750, ఫార్చ్యూనర్ 2,745. థార్‌కూ స్కార్పియో-ఎన్‌కూ తేడా 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక అడుగు. రెండో వరుసలో కూర్చున్న మనిషి మోకాలికి ఆ అడుగే ప్రాణం.

కానీ వీల్‌బేస్ ఒక్కటే చూసి మోసపోకూడదు. ఆర్సీలో ‘సీటింగ్ 7’ అని ఉన్నంత మాత్రాన ఏడుగురు మనుషులు కూర్చున్నట్టు కాదు. సఫారీ స్టార్మ్‌లోనూ, బొలేరోలోనూ, పాత స్కార్పియో రకాలు చాలావాటిలోనూ వెనకవి ఎదురెదురుగా పక్కకు తిరిగిన సీట్లు. గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో వాటిలో కూర్చున్న పిల్లలు వాంతి చేసుకోకుండా రాయచోటి చేరితే గొప్పే. అది సరే, బ్రేకు పడితే ఆ సీట్లో మనిషికి రక్షణ ఏముంది? ఏడుగురికీ ముందుకు తిరిగిన సీట్లున్న ఫోర్ బై ఫోర్ కావాలంటే పాతబండ్ల సంతలో మిగిలేవి కొన్నే: ఫార్చ్యూనర్, ఫోర్డ్ ఎండీవర్, ఇసుజు ఎంయూ-ఎక్స్, పజేరో స్పోర్ట్, 2022 తర్వాతి స్కార్పియో-ఎన్ లాంటివి. వీటిలో కూడా మూడో వరుస నిలబెట్టాక సామానుకు మిగిలేది నామమాత్రం. ఏడుగురు, ఏడుగురి సామాను రెండూ కావాలంటే పైన క్యారియర్ తప్పదు.

భద్రత సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఎయిర్‌బ్యాగులు లేని పాత స్కార్పియోకు 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో వచ్చిన నక్షత్రాలు సున్నా. 2022లో స్కార్పియో-ఎన్‌కు వచ్చినవి ఐదు. పేరొకటే, మధ్యలో ఆరేళ్ళు. మన దేశంలో 2019 జులై నుంచి తయారైన ప్రతి కారులో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. బడ్జెట్ సరిపోతే ఆ తేదీకి ఇటువైపు బండినే చూడమంటాను.

మన సీమలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది. అక్కడ తయారయ్యే సెల్టోస్, సోనెట్, కారెన్స్‌లలో ఒక్కటీ ఫోర్ బై ఫోర్ కాదు. అన్నీ ముందు చక్రాలు లాగేవే. ఫోర్ బై ఫోర్ తయారయ్యే చోటు మనకు కాస్త కిందుగా, శ్రీసిటీలో ఉంది. ఇసుజు ఫ్యాక్టరీ 2016లో అక్కడ మొదలైంది. దాని డీ-మాక్స్ వీ-క్రాస్ ఐదుగురు కూర్చునే క్యాబిను, వెనక తొట్టి ఉన్న బండి. సొంత వాడకం బండిగా తెల్ల ప్లేటుతోనే రిజిస్టరవుతుంది. అరటి, బొప్పాయి, చీనీ తోటలున్న రైతుకు నాకు తెలిసి ఇంతకంటే కుదిరే బండి లేదు. ఒక్కటే చిక్కు: పొడవు 5,295 మిల్లీమీటర్లు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ సందుల్లోకి దీన్ని తోలుకుపోయినవాడు వెనక్కి తిప్పుకోలేక పడే అవస్థ పగవాడికి కూడా వద్దు.

లో గేరు లేకపోతే సగం బండే

ఫోర్ బై ఫోర్ పేరు మీద సంతలో రెండు రకాలు అమ్ముడవుతాయి. ఒకటి, జారినప్పుడు మాత్రం మిగతా చక్రాలకు కూడా బలం పంపే రకం. 2014లో వచ్చిన డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్, ఎక్స్‌యూవీ 500లోని ఆల్ వీల్ డ్రైవ్ అలాంటివి. తడి రోడ్డుకు, మామూలు మట్టిబాటకు చక్కగా పనికొస్తాయి. రెండోది, ముందు వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు, వేరేగా ఉండి అందులో లో గేరు ఉన్న రకం. థార్, స్కార్పియో, స్టార్మ్, ఫార్చ్యూనర్, ఎండీవర్, వీ-క్రాస్ ఇవన్నీ ఈ కోవలోవి.

లో గేరు విలువ ఎంత? థార్‌లో ఆ నిష్పత్తి 2.48. ఇంజిను ఇచ్చే 300 న్యూటన్ మీటర్ల టార్కు లో గేరు వేసేసరికి 744 అయినట్టు లెక్క. వేగం మాత్రం అదే నిష్పత్తిలో పడిపోతుంది. దిగబడిన బండికి కావలసింది ఆ నిదానమే. యాక్సిలరేటరు తొక్కితే రేగడిలో గుంత లోతవుతుంది తప్ప బండి కదలదు. ఘాట్ దిగేటప్పుడు, రాళ్ళ దారిలో తోట దాకా పోయేటప్పుడు కూడా బ్రేకు కాలకుండా కాపాడేది అదే గేరు.

ఈ రెండో రకం బండ్లలో చాలావాటిని ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ బై ఫోర్ వేసి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరిగే దూరాలు వేరు. మట్టిలో ఆ తేడా జారిపోతుంది, తారు మీద పోవడానికి దారి లేక గేర్లను మెలితిప్పుతుంది. 2009లో వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ దీనికి మినహాయింపు, అది ఎప్పుడూ నాలుగు చక్రాల మీదే నడిచేది. ఇదే కారణంగా నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఒకేలా అరిగినవి అయి ఉండాలి. ముందు ఒక కంపెనీవి, వెనక ఇంకో కంపెనీవి తగిలించి ఉన్న బండి కనిపిస్తే ట్రాన్స్‌ఫర్ కేసు మీద అనుమానం పెట్టుకోండి.

బ్రోచర్లలో ఇంకో సంఖ్య మెరుస్తుంటుంది: ఎంత లోతు నీళ్ళలో పోగలదో. 2020 థార్‌కు 650 మిల్లీమీటర్లు, ఎండీవర్‌కు 800. ఇవి నిలిచిన నీటి లెక్కలు. ఉరికే నీరు అడుగు లోతుంటే కార్లను, రెండడుగులుంటే ఎస్‌యూవీలను, పికప్పులను కూడా ఈడ్చుకుపోతుందని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ ఏళ్ళ తరబడి చెబుతోంది. రెండడుగులంటే 610 మిల్లీమీటర్లు, బ్రోచరు ఇచ్చిన 650 కంటే తక్కువ. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట, నందలూరు పల్లెలకు ఏం జరిగిందో ఈ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. వంక పారుతుంటే ఏ బండైనా ఇవతలి గట్టునే ఆగాలి.

బండి కింద పడుకుని

పాత ఫోర్ బై ఫోర్ అమ్మేవాళ్ళ నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘ఫోర్ బై ఫోర్ ఒక్కసారి గూడా వెయ్యలేదన్నా, కొత్తగా ఉన్నెట్టే ఉంది.’ గొప్పగా చెబుతారు, కానీ అది విని సంతోషపడకండి. ఏడెనిమిదేళ్ళు కదపని గేరు బిగుసుకుపోతుంది. స్కార్పియో, స్టార్మ్ లాంటి వాటిలో మీట ఉండదు. ఒక బిరడా తిప్పితే చిన్న మోటారు ఆ పని చేస్తుంది. ఏళ్ళ తరబడి వాడకపోతే ఆ మోటారు మొండికేస్తుంది. బిరడా తిప్పినా లైటు వెలగదు, లేదా వెలిగి ఆరుతూ ఉంటుంది. నెలకోసారి మట్టిలో నాలుగు కిలోమీటర్లు వేసి తిప్పిన బండి నా దృష్టిలో దీనికంటే మేలు.

కాబట్టి బేరం తారు రోడ్డు పక్కన కాకుండా ఏదైనా దుక్కి దున్నిన చేను దగ్గర పెట్టుకోండి. చేనులోకి దింపి ఫోర్ బై ఫోర్ హై గేరు వేయించండి, లైటు వెలగాలి. బండి ఆపి లో వేయించండి. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా కోసి మెల్లగా ముందుకు పోనివ్వండి. ముందు చక్రాల దగ్గర టక్ టక్ మని లెక్కపెట్టినట్టు చప్పుడొస్తే ఇరుసు జాయింట్లు పోయాయి. తర్వాత కింద గోతం పరుచుకుని పడుకోండి. ముందు ఇరుసు నడుమ గేర్ల గుండు, అంటే డిఫరెన్షియల్, అక్కడి నుంచి వెనక్కి వచ్చే షాఫ్టు ఉన్నాయా? నవ్వకండి. వెనక తలుపు మీద ‘4×4’ స్టిక్కరు యాభై రూపాయల సరుకు. ఆర్సీలో మోడల్ పేరు పక్కన ఫోర్ వీల్ డ్రైవ్ అని ఉందో లేదో కూడా చూడాలి. పాత స్కార్పియోలో ఫోర్ బై ఫోర్ కొన్ని రకాలకే ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రాగానే అది కూడా ఆపేశారు.

మెకానిక్‌ను తీసుకుపోతే ముందు డిఫరెన్షియల్ ఆయిలు బిరడా ఊడదీయించండి. చిటికెనవేలు పెట్టి తీస్తే ఆయిలు ముదురు రంగులో, జిగటగా ఉండాలి. పాలు కలిపిన టీ రంగులో వస్తే లోపలికి నీళ్ళు పోయాయి. బిరడాకు అంటుకున్న బూడిద లాంటి పొడి మామూలే, వేళ్ళకు గుచ్చుకునే ముక్కలు మాత్రం కాదు. ఈ ఒక్క పరీక్షకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం వదిలేసినా నష్టం లేదు.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. వేసవిలో 45 డిగ్రీలు దాటే కడప, నంద్యాల ఎండల్లో రబ్బరు అరగకముందే ఎండిపోతుంది. గాట్లు లోతుగా ఉన్నాయని ఏడేళ్ళ టైరును నమ్మకూడదు. ఆ ఎండ బుష్‌లను, గొట్టాలను కూడా తింటుంది. దీనికి బదులుగా మనకో మేలుంది: ఇక్కడ తిరిగిన బండి అడుగు తుప్పు పట్టదు. విశాఖ, నెల్లూరు, చెన్నై తీరాల నుంచి వచ్చిన బండి ఛాసిస్‌ను మాత్రం సుత్తితో మెల్లగా కొట్టి చూడాల్సిందే.

ప్లేటు మీద పుట్టినూరు

నంబరు ప్లేటు చాలా చెబుతుంది. ఏపీ-04 అంటే కడప, ఏపీ-21 కర్నూలు. ఈ జిల్లా కోడ్‌లు 2019 ఆరంభం దాకానే. ఆ తర్వాత రాష్ట్రమంతటికీ ఏపీ-39 వచ్చింది. ఏపీ-04 ప్లేటున్న బండిని ‘2020 మోడల్’ అని ఎవరైనా చెబితే ఆర్సీ చూపించమనండి.

ఢిల్లీ ప్లేటు బండ్లు చవగ్గా వస్తున్నాయంటే కారణముంది. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండ్లపై 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి. ఆ గండం దగ్గరపడిన బండ్లు ఎన్‌ఓసీ పట్టుకుని దక్షిణానికి దిగుతూ వచ్చాయి. ఇంజిను బాగుంటే బేరమే. కానీ పన్నెండు నెలల్లోపు మన నంబరు తీసుకోవాలి, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. అది కలిపాక ఎంత చవకో చూసుకోవాలి. 15 ఏళ్ళు నిండిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ రుసుము 5,000 రూపాయలు. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025లో దాన్ని 10,000 చేశారు.

మునిగిన బండ్లు ఇంకో బెడద. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగిన విజయవాడ: ఈ మూడు చోట్ల నీళ్ళలో నానిన బండ్లు కడిగి, పాలిషు పెట్టి ఎక్కడెక్కడికో పోయాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు పట్టీ మీద మట్టి చార ఉంటే బండి మునిగినట్టే. దాన్ని కడగాలని ఎవరికీ తోచదు. ఇన్సూరెన్సు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ కూడా చూడండి. అది ఏడాదికో మెట్టు చొప్పున 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒకే యజమాని దగ్గర ఏడేళ్ళున్న బండికి బోనస్ సున్నా ఉంటే ఈ మధ్యే ఏదో క్లెయిము జరిగి ఉండొచ్చు. ఏమిటని అడగాలి.

మన శేషాచలం, పాలకొండల పక్కన ఇంకో జాగ్రత్త. ఎర్రచందనం కేసులో చిక్కిన బండిని అటవీ శాఖ జప్తు చేయగలదు. కొన్న తర్వాత ఆ సంగతి బయటపడితే తిరగాల్సింది మీరే. పరివాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి బ్లాక్‌లిస్టు, ఫైనాన్సు బాకీ రెండూ చూడటానికి రెండు నిమిషాలు చాలు.

డబ్బు

ఏడాదికి 12,000 కిలోమీటర్లు, డీజిలు లీటరు 97 రూపాయలు అనుకుందాం. లీటరుకు 13 ఇచ్చే బండికి 923 లీటర్లు, దాదాపు 89,500 రూపాయలు. 10 ఇచ్చే పెద్ద బండికి 1,200 లీటర్లు, 1,16,400. తేడా ఏడాదికి 27 వేలు, ఐదేళ్ళకు లక్షా ముప్ఫై ఐదు వేలు. టైర్లు, రెండు డిఫరెన్షియళ్ళ ఆయిళ్ళు దీనికి అదనం. బీఎస్-6 డీజిలు అయితే ఊళ్ళో రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేవాళ్ళకు పొగ ఫిల్టరు మూసుకుపోయే బాధ కూడా ఉంటుంది.

ధర కట్టడానికి ఇన్సూరెన్సు వాళ్ళ మెట్లు ఒక ఆధారం. ఒకటి నుంచి రెండేళ్ళ బండికి 20 శాతం, మూడేళ్ళలోపు 30, నాలుగేళ్ళలోపు 40, ఐదేళ్ళలోపు 50 శాతం తరుగు. షోరూములో 20 లక్షలున్న బండి ఐదో ఏట కాగితం మీద పది లక్షలు. ఫార్చ్యూనర్ యజమాని ఈ కాగితం వైపు చూడనే చూడడు, చూడాల్సిన అవసరం కూడా అతనికి లేదు, ఎందుకంటే కొనేవాళ్ళు క్యూలో ఉంటారు. ఎండీవర్‌ది మరోవైపు. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక బండి ఎంత గట్టిదైనా కొనే చేతులు వెనకాడుతున్నాయి. ఇంకో సంఖ్య బేరంలో మీ చేతిలో ఉంచుకోండి: 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీలపై పన్ను 48–50 శాతం నుంచి 40కి దిగింది. ఆ లెక్కన కొత్తబండి ధరే 5 నుంచి 7 శాతం తగ్గింది. పాతబండి యజమాని తాను కొన్న నాటి ధర చెప్పి బేరం మొదలుపెడితే, ఈనాటి షోరూము ధర చెప్పి అక్కడి నుంచి కిందికి రమ్మనండి.

నన్నడిగితే, ఆరేడుగురి కుటుంబానికి డీజిలు స్కార్పియో-ఎన్ ఫోర్ బై ఫోర్, మూడేళ్ళు వాడింది. మహీంద్రా పని తెలిసిన షెడ్డు సీమలో ప్రతి పట్నంలోనూ దొరుకుతుంది. అంత పెట్టలేకపోతే 2015 తర్వాతి, వెరికోర్ 400 ఇంజినున్న స్టార్మ్ ఫోర్ బై ఫోర్, వెనక అడ్డసీట్లు ఊడదీసి సామానుకు వాడుకుంటూ. తోట పనే ఎక్కువైతే వీ-క్రాస్.

ఏది కొన్నా, పేరు మార్పిడి కాగితాలు డబ్బు ఇచ్చిన రోజే కదలాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి బాధ్యత వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది, బండి నాలుగు చేతులు మారినా సరే. ఇన్సూరెన్సును కొన్నవాడు 14 రోజుల్లోపు తన పేరుకు రాయించుకోవాలి. అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో రాదు, అది అతని వెంటే పోతుంది. కాబట్టి పాత పాలసీలో కనిపించే ప్రీమియం కంటే మీకు పడేది ఎక్కువ. ఆ మొత్తాన్ని కూడా బేరానికి ముందే కలుపుకోండి.